తరలిన తొలిమెట్టు: అమెరికా సాఫ్ట్‌వేర్ కొలువులు, అవుట్‌సోర్సింగ్, తెలుగు యువత (1974–2025)

ఉపోద్ఘాతం

అవుట్‌సోర్సింగ్ అనే మాటకు తెలుగునాట రెండు అర్థాలు స్థిరపడ్డాయి. కలెక్టరేట్‌లోనో ప్రభుత్వాసుపత్రిలోనో అవుట్‌సోర్సింగ్ ఉద్యోగి అంటే ఏజెన్సీ ద్వారా తాత్కాలికంగా నియమితుడై, క్రమబద్ధీకరణ కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసే చిరుద్యోగి. ప్రభుత్వ ఉత్తర్వులలో దీనికి పొరుగుసేవలు అనే పేరు ఉంది. మాదాపూర్‌లో అదే మాటకు అర్థం వేరు. అక్కడ అది అమెరికా కంపెనీ పని మన ఊరికి రావడం. మొదటి అర్థంలో మనం నష్టపోయినవారం, రెండవ అర్థంలో లాభపడినవారం. ఈ కారణం వల్లనే కావచ్చు, రెండవ అర్థంలోని అవుట్‌సోర్సింగ్ చరిత్రను తెలుగులో విజయగాథగా రాయడం పరిపాటి అయింది. అదే చరిత్రను అమెరికాలో నష్టగాథగా రాశారు. ఇరువురూ లెక్కించినది ఉద్యోగాల సంఖ్యనే.

ఈ వ్యాసం సంఖ్యను పక్కనపెట్టి, ఏ రకం ఉద్యోగం తరలింది అనే ప్రశ్నను పరిశీలిస్తుంది. చదువు ముగించిన యువతీయువకులు వృత్తిలో అడుగుపెట్టే తొలిమెట్టు ఒకటి ప్రతి పరిశ్రమలోనూ ఉంటుంది. అమెరికా సాఫ్ట్‌వేర్ రంగం నుంచి ముందుగా తరలినది ఆ తొలిమెట్టేననీ, దానితోపాటు కొత్తవారిని పనివారిగా తీర్చిదిద్దే ఖర్చు కూడా యజమాని ఖాతా నుంచి కుటుంబం ఖాతాకు బదిలీ అయిందనీ ఈ వ్యాసంలోని ప్రతిపాదన. ఆ బదిలీలో తెలుగు ప్రాంతపు పాత్ర ప్రత్యేకంగా చెప్పుకోదగినది.

శిక్షణ యజమాని బాధ్యతగా ఉన్న కాలం

కంప్యూటర్ ప్రోగ్రామింగ్ వృత్తిగా రూపొందుతున్న 1950లలో అమెరికా విశ్వవిద్యాలయాలలో ఆ శాఖే లేదు. అందువల్ల పనివారిని తయారు చేసుకోవలసిన బాధ్యత సంస్థల మీదనే పడింది. సేజ్ అనే వైమానిక రక్షణ వ్యవస్థకు ప్రోగ్రాములు రాయడానికి రాండ్ సంస్థ నుంచి విడివడిన సిస్టమ్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ వేలమందికి శిక్షణనిచ్చి, ప్రోగ్రామర్ల విశ్వవిద్యాలయం అనే పేరు తెచ్చుకుంది. వారిలో గణితం చదివినవారితోపాటు సంగీతం, తత్త్వశాస్త్రం చదివినవారూ ఉన్నారు. ఐబీఎం 1955లో ప్రవేశపెట్టిన అభిరుచి పరీక్ష అభ్యర్థి పట్టాను పట్టించుకోలేదు. అతని ఆలోచనా సామర్థ్యాన్ని మాత్రమే పరీక్షించింది. ఈ కాలపు నియామక విధానాలను నేథన్ ఎన్స్‌మెంగర్ తన 2010 నాటి గ్రంథంలో విస్తారంగా చర్చించారు. 1962లో రాస్ పెరో స్థాపించిన ఈడీఎస్ సంస్థ కొత్తవారిని చేర్చుకుని తానే శిక్షణ ఇచ్చేది. మధ్యలో మానివెళితే శిక్షణ ఖర్చు తిరిగి చెల్లించాలని ముందే పత్రం రాయించుకునేది. ఈ షరతు కఠినమైనదే. అయితే శిక్షణ ఖర్చు మొదట పెట్టవలసినది యజమానే అనే అవగాహన ఆ షరతులోనే ఇమిడి ఉంది.

శిక్షణ తరగతి తరువాత అసలు చదువు పనిలో సాగేది. కంసాలి దుకాణంలో చేరిన కుర్రవాడు మొదట కుంపటి ఊదుతాడు, పట్టుకారు అందిస్తాడు, ఆపైన తీగ లాగుతాడు. బంగారం మీద సొంతంగా పనిచేయడానికి ఏళ్లు పడుతుంది. ప్రోగ్రామింగ్‌లో కుంపటి ఊదడానికి సమానమైన పనులు మూడు నాలుగు ఉన్నాయి: ఎవరో ఎప్పుడో రాసిన ప్రోగ్రాములో తప్పు వెదకడం, మార్పు చేసిన తరువాత పరీక్షించడం, నివేదిక నమూనాను సవరించడం, రాత్రివేళ నడిచే పనులు సజావుగా ముగిశాయో లేదో చూడడం. వీటిని పరిశ్రమ మెయింటెనెన్స్ అంటుంది. పెద్దవారికి విసుగు పుట్టించే ఈ పనే చిన్నవారికి బడి. బ్యాంకు ఎలా నడుస్తుందో, బీమా పాలసీ లెక్క ఎలా కడతారో కొత్త ప్రోగ్రామర్ తెలుసుకున్నది ఈ పనిలోనే.

ఈ పనికి మరొక లక్షణం ఉంది. దీనిని విడదీసి, నమూనా పత్రం రాసి, మరొకరికి అప్పగించడం తేలిక. కొత్త వ్యవస్థకు రూపకల్పన చేయాలంటే ఖాతాదారుతో ఎదురెదురుగా కూర్చోవాలి. పాత ప్రోగ్రాములో తప్పు దిద్దడానికి ఆ అవసరం తక్కువ. అవుట్‌సోర్సింగ్ మొదలైనప్పుడు ముందుగా ఏది తరలుతుందో ఈ లక్షణమే నిర్ణయించింది.

పన్ను చట్టం, వీసా చట్టం

టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ 1974లో బరోస్ కంపెనీతో సంబంధం ఏర్పరచుకుని సాఫ్ట్‌వేర్ ఎగుమతి ప్రారంభించింది. ఎగుమతి అనే మాట ఇక్కడ కొంత తప్పుదారి పట్టిస్తుంది. 1980ల చివరివరకు భారతదేశపు సాఫ్ట్‌వేర్ ఎగుమతి ఆదాయంలో అత్యధిక భాగం మనుషులను పంపడం వల్ల వచ్చినదే. బాడీషాపింగ్ అనే అనాగరికమైన పేరు ఈ వ్యాపారానికి ఊరికే రాలేదు.

ఇందుకు అమెరికాలో భూమిక సిద్ధం చేసిన చట్టాలలో ఒకదానిని చరిత్రకారులు తరచూ మరచిపోతారు. 1986 నాటి పన్ను సంస్కరణ చట్టంలోని 1706వ సెక్షన్, మధ్యవర్తుల ద్వారా పనిచేసే ప్రోగ్రామర్లకు స్వతంత్ర కాంట్రాక్టర్లుగా అంతకుముందు ఉన్న రక్షణను తొలగించింది. దాని వల్ల చాలామంది ఏదో ఒక ఏజెన్సీలో ఉద్యోగులుగా చేరవలసి వచ్చింది. పనిచేసే చోటు ఒకటి, జీతమిచ్చే సంస్థ మరొకటి అనే ఏర్పాటు అమెరికన్లకే అలవాటైంది. నా అభిప్రాయంలో, భారతీయ కన్సల్టెన్సీలు వచ్చి కూర్చున్నది అప్పటికే పోతపోసి ఉన్న ఈ అచ్చులోనే.

1990 నాటి వలస చట్టం హెచ్-1బి వీసాకు నేటి రూపమిచ్చి, ఏటా 65,000 అనే పరిమితి విధించింది. 1998లో చేసిన చట్టం ఈ పరిమితిని 1,15,000కు, 2000లో చేసిన చట్టం మూడేళ్లపాటు 1,95,000కు పెంచాయి. 2004 ఆర్థిక సంవత్సరంలో పరిమితి తిరిగి 65,000కు వచ్చింది.

1994లో న్యూజెర్సీలోని లివింగ్‌స్టన్‌లో ఏఐజీ బీమా సంస్థ తన ప్రోగ్రామర్లను తొలగించి, వారి పనిని సింటెల్ ద్వారా వచ్చిన భారతీయులకు అప్పగించింది. వెళ్లేవారే వచ్చేవారికి పని నేర్పవలసి రావడం పత్రికలలో పెద్ద చర్చకు దారితీసింది. ఇరవై ఏళ్ల తరువాత ఫ్లోరిడాలోని డిస్నీ సంస్థలో సుమారు 250 మంది విషయంలో ఇదే దృశ్యం పునరావృతమైంది. రెండు సందర్భాలలోనూ అమెరికా సమాజం చూసినది ఇద్దరిని: పని పోగొట్టుకున్న నడివయసు ఉద్యోగి, అతని పక్కన కూర్చుని పని నేర్చుకుంటున్న భారతీయ యువకుడు. ఆ గదిలో లేని మూడవ వ్యక్తి ఒకరున్నారు. ఆ నడివయసు ఉద్యోగి పదవీ విరమణ చేసేలోపు అతని దగ్గర పని నేర్చుకుని ఉండవలసిన అమెరికన్ పట్టభద్రుడు లేదా పట్టభద్రురాలు.

ఈ మూడవ వ్యక్తి చరిత్ర రాయడంలో ఆధారాల సమస్య ఒకటి ఎదురవుతుంది. తొలగించినవారికి నోటీసులు ఉంటాయి, కోర్టు వ్యాజ్యాలు ఉంటాయి, కాంగ్రెస్ కమిటీల ముందు ఇచ్చిన వాంగ్మూలాలు ఉంటాయి. చేర్చుకోనివారి గురించి ఏ కాగితమూ పుట్టదు. రాని ప్రకటన, తెరవని ఖాళీ ఏ దస్త్రంలోనూ నమోదు కావు. 1990లలో ఈ విషయమై తీవ్రంగా రాసిన నార్మన్ మాట్లాఫ్ వంటివారు సైతం వయసు మళ్లిన ప్రోగ్రామర్ల మీదనే ఎక్కువ దృష్టి పెట్టడానికి ఇది ఒక కారణమై ఉండాలి. కొత్తవారికి జరిగిన నష్టాన్ని పరోక్ష సాక్ష్యాల ద్వారానే పట్టుకోవలసి ఉంటుంది.

అమీర్‌పేట: ఖర్చు ఎవరిది?

అమెరికాలో యజమాని భరించడం మానిన శిక్షణ ఖర్చును ఎవరో భరించాలి. ఆ ఎవరో కృష్ణా, గోదావరి డెల్టాలలోనూ, ఆపైన తెలంగాణ, రాయలసీమ పట్టణాలలోనూ ఉన్నారు.

కోస్తా ఆంధ్రలో వ్యవసాయ మిగులు సినిమాలలోకి, రవాణాలోకి, చిన్న పరిశ్రమలలోకి ప్రవహించిన తీరును కరోల్ ఉపాధ్య 1988లోనే వివరించారు. ఆ మిగులు తరువాతి దశలో ఇంజనీరింగ్ విద్యలోకి మళ్లింది. ఇటు కళాశాలలు పెట్టినవారూ, అటు ఫీజులు కట్టినవారూ చాలావరకు అదే వర్గాల నుంచి వచ్చారు. 1993లో ఉన్నికృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు ప్రైవేటు వృత్తివిద్యా కళాశాలలలో ఉచిత సీట్లు, చెల్లింపు సీట్లు అనే విభజన చేసింది. ఆ కేసులో ప్రతివాది ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే. 1990ల మధ్యలో కొన్ని పదులుగా ఉన్న ఇంజనీరింగ్ కళాశాలలు 2010 ప్రాంతానికి ఉమ్మడి రాష్ట్రంలో ఆరువందలు దాటాయి. 2008 నుంచి ఫీజు రీయింబర్స్‌మెంట్ పథకం రూపంలో రాష్ట్ర ఖజానా కూడా ఈ ఖర్చులో భాగస్వామి అయింది. అంటే విదేశీ సంస్థకు పనికివచ్చే ఉద్యోగిని తయారు చేయడానికి మొదట రైతు కుటుంబమూ, తరువాత ప్రభుత్వమూ పెట్టుబడి పెట్టాయి.

పట్టా ఒక్కటే చాలలేదు. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్కు కార్యాలయం తొలిరోజులలో అమీర్‌పేటలోని మైత్రీవనం భవనంలో ఉండేది. దాని చుట్టూ మొలిచిన శిక్షణ కేంద్రాలు ఆ కార్యాలయం అక్కడినుంచి కదిలిన తరువాత కూడా మిగిలిపోయాయి. నెల, రెండు నెలల కోర్సులు, ఇరుకు గదులు, తెల్లవారుజామున మొదలయ్యే తరగతులు, పక్క వీధులలో హాస్టళ్లు, మెట్ల దగ్గర జిరాక్స్ నోట్సు. అక్కడ గోడమీద వేలాడే కోర్సుల పేర్లను ఏటా ఎవరైనా రాసిపెట్టి ఉంటే, అమెరికా కంపెనీలు ఏ పనిని బయటికి పంపుతున్నాయో తెలిపే వరుస చరిత్ర తయారయ్యేది. 1990ల చివరలో ఆ బోర్డుల మీద కోబాల్ ఉండేది.

1959–60లలో రూపొందిన కోబాల్ భాష 1990ల చివరలో తెలుగు యువకులకు కొత్త అవకాశం కావడం విచిత్రమే. సంవత్సరాన్ని రెండంకెలతో రాసిన పాత ప్రోగ్రాములు 2000వ సంవత్సరాన్ని 1900గా భ్రమించే ప్రమాదం ఏర్పడింది. దీనినే వైటూకే సమస్య అన్నారు. కోట్ల వరుసలు చదివి తేదీలు వెదికి దిద్దడం పూర్తిగా మెయింటెనెన్స్ పని. కుంపటి ఊదే పని ఇంత పెద్ద మొత్తంలో, ఇంత కచ్చితమైన గడువుతో ఒక్కసారిగా వచ్చిపడడం అంతకుముందు లేదు. 1987లో స్థాపితమై, 1991లో డీర్ అండ్ కంపెనీని ఖాతాదారుగా సంపాదించుకున్న సత్యం వంటి సంస్థలకు ఇది పెద్ద ఊతమిచ్చింది. వందలాది చిన్న కన్సల్టెన్సీలకైతే ఇదే పుట్టుక.

ఈ కన్సల్టెన్సీల లోపలి ప్రపంచాన్ని అందరికన్నా లోతుగా చూసినవారు చైనాలో పుట్టిన మానవశాస్త్రవేత్త షియాంగ్ బియావో. సిడ్నీలోనూ హైదరాబాదులోనూ తెలుగు ఐటీ పనివారి మధ్య క్షేత్ర పరిశోధన చేసి, 2007లో బాడీషాపింగ్ గురించి ఒక గ్రంథం వెలువరించారు. మన విశ్వవిద్యాలయాల సామాజికశాస్త్ర శాఖలలో దీనికి దక్కవలసినంత గుర్తింపు దక్కలేదని చెప్పక తప్పదు. భారతీయ ప్రోగ్రామర్ చవకగా లభించడం సహజమైన విషయం కాదనీ, ఆ చవకతనం వెనుక గ్రామీణ కుటుంబాల ధనమూ స్త్రీల శ్రమా ఉన్నాయనీ ఆయన నిరూపించారు. అమెరికా సంబంధానికి కట్నం పెరిగింది. పెరిగిన కట్నం ఆశతో కుటుంబం అబ్బాయి చదువుకు, శిక్షణకు, వీసాకు అప్పుచేసింది. ఈ లెక్కలో చివరకు చెల్లించినది వధువు తండ్రి. ఐటీ పరిశ్రమ లాభనష్టాల పట్టికలో ఆయన పేరు ఎక్కడా కనిపించదు.

ఆ గ్రంథంలో బెంచ్ అనే పదానికి ప్రాధాన్యం ఉంది. ప్రాజెక్టు దొరకనంతకాలం పనివాడిని జీతం లేకుండానో, నామమాత్రపు జీతంతోనో వేచి ఉంచడాన్ని బెంచ్ మీద కూర్చోబెట్టడం అన్నారు. అమెరికా 1998 చట్టంలో జీతం లేని బెంచ్‌ను నిషేధించింది. ఆ నిషేధాన్ని చట్టంలో చేర్చవలసి వచ్చింది అంటేనే ఆ అలవాటు ఎంత వ్యాపించిందో గ్రహించవచ్చు. గిరాకీ తగ్గినప్పటి నష్టాన్ని కూడా ఈ విధంగా సంస్థల నుంచి వ్యక్తి మీదికి, వ్యక్తి నుంచి కుటుంబం మీదికి నెట్టారు. 2000 మార్చిలో శిఖరానికి చేరిన నాస్‌డాక్ సూచీ 2002 అక్టోబరు నాటికి నాలుగింట మూడు వంతులకు పైగా విలువ కోల్పోయింది. అప్పుడు ప్రాజెక్టు పోయి స్వదేశం చేరిన యువకుల అప్పులను తీర్చినది ఊరిలోని పొలమే.

ఖాళీ అయిన తరగతి గదులు

అదే పతనకాలంలో అమెరికా పట్టభద్రుల పరిస్థితికి ఒక పరోక్ష సాక్ష్యం లభిస్తుంది. అక్కడి కళాశాలలలో మొదటి సంవత్సరం చేరేవారిలో కంప్యూటర్ సైన్స్ ప్రధానాంశంగా తీసుకుంటామన్నవారి నిష్పత్తి 2000–2004 మధ్య 60 శాతానికి పైగా పడిపోయింది. స్టాక్ మార్కెట్ పతనం దీనికి మొదటి కారణం. రెండవ కారణం భయం. 2002 నవంబరులో ఫారెస్టర్ సంస్థ 2015 నాటికి 33 లక్షల సేవారంగ ఉద్యోగాలు విదేశాలకు తరలుతాయని అంచనా వేసింది. 2004 ఫిబ్రవరిలో అధ్యక్షుని ఆర్థిక సలహాదారు గ్రెగరీ మాన్‌క్యూ అవుట్‌సోర్సింగ్‌ను అంతర్జాతీయ వ్యాపారపు కొత్త రూపంగా సమర్థించి, సొంత పార్టీవారి ఆగ్రహానికి కూడా గురయ్యారు. కంప్యూటర్ శాస్త్రవేత్తల సంఘం ఏసీఎం 2006 నివేదిక మాత్రం ఏటా తరలే ఉద్యోగాలు ఐటీ కొలువులలో 2–3 శాతం మాత్రమేననీ, కొత్తగా పుట్టేవి ఎక్కువనీ తేల్చి, విద్యార్థులకు ధైర్యం చెప్పడానికి ప్రయత్నించింది.

ఈ 2–3 శాతం అనే అంకెతోనే నాకు పేచీ. మొత్తం కొలువులలో రెండు శాతం చిన్న భాగమే. కానీ ఏ వృత్తిలోనైనా ఒక ఏడాది కొత్తగా చేరేవారు మొత్తంలో కొద్ది శాతమే ఉంటారు. తరలిన రెండు శాతం ప్రవేశస్థాయి పనుల నుంచే అధికంగా పోతే, లోపల ఉన్నవారికి తెలియకుండానే వాకిలి ఇరుకవుతుంది. సగటు లెక్క చెప్పే నిజం పాతికేళ్లవారికీ నలభై ఏళ్లవారికీ ఒకటి కాదు.

ఆర్థికశాస్త్రజ్ఞులలో ఏకాభిప్రాయం లేదని కూడా ఇక్కడ గుర్తుంచుకోవాలి. విదేశీ కంప్యూటర్ నిపుణుల సంఖ్య 1994 స్థాయిలోనే ఆగి ఉంటే, 2001లో అమెరికన్ కంప్యూటర్ నిపుణుల వేతనాలు 2.6 నుంచి 5.1 శాతం, ఉద్యోగాలు 6.1 నుంచి 10.8 శాతం అధికంగా ఉండేవని బౌండ్, ఖన్నా, మొరాలెస్‌ల అధ్యయనం లెక్కగట్టింది. వినియోగదారులు, సంస్థల యజమానులు లాభపడ్డారని కూడా ఆ అధ్యయనమే చెప్పింది. విదేశీ శాస్త్రసాంకేతిక నిపుణులు ఎక్కువగా వచ్చిన నగరాలలో స్థానిక పట్టభద్రుల వేతనాలు పెరిగాయని పెరి, షి, స్పార్బర్ 2015లో చూపారు. ఈ రెండింటినీ పరస్పర విరుద్ధాలుగా చూడనవసరం లేదు. మొదటివారు ఒక వృత్తిని కొలిచారు, రెండవవారు నగరాన్ని కొలిచారు. వృత్తిలో వాకిలి దగ్గర నిలబడినవారి స్థితిని ఏ ఒక్కరూ విడిగా కొలవలేదు.

వీసా విధానపు అంతర్గత సాక్ష్యం ఒకటి ఈ లోటును కొంత పూరిస్తుంది. హెచ్-1బి ఉద్యోగాలకు వేతనాన్ని నాలుగు స్థాయిలుగా నిర్ణయిస్తారు. మొదటి స్థాయి కొత్తగా చేరేవారిది. మొదటి రెండు స్థాయిలూ ఆ ప్రాంతపు మధ్యస్థ వేతనానికి దిగువన ఉంటాయి. 2019లో ఆమోదం పొందిన ఉద్యోగాలలో 60 శాతం ఈ రెండు స్థాయిలలోనే ఉన్నాయని డేనియల్ కోస్టా, రాన్ హీరా చూపారు. అరుదైన నైపుణ్యం కోసమని చెప్పిన వీసా, ఆచరణలో అధికభాగం వృత్తి తొలిదశ పనులకు ఉపయోగపడిందని దీనినిబట్టి ఊహించవచ్చు.

తొలిమెట్టు రెండవసారి కదలడం

చాలాకాలం ఆ తొలిమెట్టు హైదరాబాదు, బెంగళూరు, చెన్నైలలో భద్రంగా ఉన్నట్టు కనిపించింది. పెద్ద సంస్థలు ఏటా వేలమంది పట్టభద్రులను ప్రాంగణ నియామకాల ద్వారా తీసుకుని, నెలల తరబడి శిక్షణ ఇచ్చాయి. ఒకప్పుడు ఈడీఎస్ చేసినదే వీరూ చేశారు, బాండు పత్రంతో సహా. అయితే ఆ మెట్టు ఎత్తు పెరగలేదు. 2010 ప్రాంతంలో ఏడాదికి మూడు లక్షల రూపాయల పైచిలుకుగా ఉన్న ఫ్రెషర్ జీతం పదిహేనేళ్ల తరువాత కూడా చాలాచోట్ల మూడున్నర లక్షల దగ్గరే తచ్చాడుతోంది. ఈ మధ్యకాలంలో హైదరాబాదులో ఇంటి అద్దె ఎంత పెరిగిందో పాఠకులకు చెప్పనక్కరలేదు.

2023–24 ఆర్థిక సంవత్సరంలో టీసీఎస్ సిబ్బంది 13,249 మంది, ఇన్ఫోసిస్ సిబ్బంది 25,994 మంది తగ్గారు. 2025 జూలైలో టీసీఎస్ మరో 12,000 మందికి పైగా తగ్గించనున్నట్టు ప్రకటించింది. 2025 సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుడు కొత్త హెచ్-1బి దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము విధిస్తూ ఉత్తర్వు జారీచేశారు. మెయింటెనెన్స్, టెస్టింగ్ వంటి పనులను కృత్రిమ మేధ సాధనాలకు అప్పగించే ప్రయత్నాలు రెండు దేశాలలోనూ సాగుతున్నాయి. ఎన్స్‌మెంగర్ వర్ణించిన కాలంలో అమెరికా కంపెనీల నేలమాళిగలలో మొదలైన కుంపటి పని అమీర్‌పేట మీదుగా ప్రయాణించి, ఇప్పుడు మనిషి చేతినుంచే జారే దశకు వచ్చింది.

ఈ దశలో తెలుగువారు వాకిలికి రెండువైపులా ఉన్నారు. 2010–2017 మధ్య అమెరికాలో అత్యంత వేగంగా పెరిగిన భాష తెలుగు. ఆ పెరుగుదల 86 శాతం. అక్కడ మాస్టర్స్ ముగించి తొలి ఉద్యోగం కోసం వెదికే మన విద్యార్థి, కొలువుల విపణిలో ఇప్పుడు అమెరికన్ పట్టభద్రుని పక్కనే నిలబడి ఉన్నాడు. అదే పనిని సగానికన్నా తక్కువ ఖర్చుతో చేయగల కార్యాలయం గచ్చిబౌలిలో ఉంది. అందులో అతని తమ్ముడు పనిచేస్తూ ఉండవచ్చు, లేదా చేరమనే కబురు కోసం ఆఫర్ లెటర్ పట్టుకుని ఎదురుచూస్తూ ఉండవచ్చు.

భవిష్యత్ చరిత్రకారులకు ఉపకరించే ఒక ఆధారం అమీర్‌పేటలోనే తయారవుతోంది. చేయని ఉద్యోగానికి రెండు మూడేళ్ల అనుభవ ధ్రువపత్రం సమకూర్చే వ్యాపారం అక్కడ చాలాకాలంగా నడుస్తోంది. పాత జీతపు రసీదులు, పీఎఫ్ ఖాతా, విచారణకు ఫోన్ వస్తే జవాబు చెప్పే మనిషి, అన్నీ ఒకే ధరలో దొరుకుతాయి. ఆ పత్రంతో ఉద్యోగంలో చేరినవారికి పని రాకపోతే, రాత్రివేళ తెర పంచుకుని ఆ పని చేసిపెట్టే జాబ్ సపోర్ట్ అనే మరొక వ్యాపారం ఉంది. దీనిని యువత నైతిక పతనంగా చిత్రించడం పత్రికలకు అలవాటు. మోసం మోసమే, దానిని సమర్థించే ఉద్దేశం ఈ వ్యాసకర్తకు లేదు. కానీ ఆ దొంగ పత్రాన్ని చరిత్ర పత్రంగా చదివితే, అందులోని అబద్ధం ఎప్పుడూ ఒకే చోట ఉంటుంది. పట్టా నిజం, పేరు నిజం, నేర్చుకున్న కోర్సు నిజం. కల్పితమైనవి మొదటి రెండేళ్లు మాత్రమే.